పూర్వికుల జాడకు ఊరే ఆధారం

బెంగళూరులో తెలుగు నిత్యం వినిపించే పేట మడివాళ. అక్కడి సోమేశ్వరాలయం బయటి గోడ మీద 1247 నాటి తమిళ శాసనం ఉంది. వేప్పూరు నివాసి ఒకరు వెంగళూరు పెద్ద చెరువు కింది భూమిని దానమిచ్చిన సంగతి అది. వేప్పూరంటే నేటి బేగూరు. అదే గుడిలోని ఇతర శాసనాల్లో కనిపించే తామరైక్కరై, మడివాళను ఆనుకుని ఉన్న తావరెకెరె. ఆ దాత సంతతి ఇప్పుడెక్కడుందో ఎవరూ నిరూపించలేరు. ఆయన ఊరిని మాత్రం నేటికీ పటంలో చూపించవచ్చు. వంశచరిత్ర వెతికేవారు ఇక్కడ గ్రహించాల్సిన విషయం ఒకటుంది. తాత పేరు మనవడికి పెట్టే మన ఆచారంలో ఒకే పేరు తరతరాలకూ తిరిగి వస్తుంది, కాబట్టి పేరొక్కటే పట్టుకుంటే దారి తప్పుతాం. ఊరు, భూమి, చెరువు ఆసరాగా వెళితే ఆధారం దొరుకుతుంది.

ఇందుకు గట్టి సాక్ష్యం దక్షిణాఫ్రికాలోని నేటాల్ ఓడల జాబితాలు. మద్రాసు నుంచి వెళ్లి 1860 నవంబరులో నేటాల్ చేరిన ట్రూరో ఓడతో మొదలై 1911 వరకు 1,52,184 మంది కూలి ఒప్పందం మీద అక్కడికి చేరారు. వారిలో తెలుగువారూ ఎందరో. ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, గ్రామం రాసుకున్నారు. తెలుగు పేర్లు ఆంగ్ల గుమస్తాల చేతిలో గుర్తుపట్టలేనంతగా మారాయి కదా, వాటిని ఎలా నమ్మాలని అడగవచ్చు. సరిగ్గా అందుకే ఊరు ముఖ్యం. పేరు చెడినా జిల్లా, గ్రామం, తండ్రి పేరు ఒకదానికొకటి సరిపోలితే మనిషి తేలతాడు.

మనవాళ్లు రాసిపెట్టుకోలేదు, ఇక దొరికేదేముంటుందన్నది మరో అభ్యంతరం. కుటుంబం రాయకపోయినా ప్రభుత్వం పన్ను కోసం రాసింది. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఏర్పడిన ఇనాం కమిషన్, మాన్యాలు ఎవరికి, ఎలా సంక్రమించాయో విచారించి రిజిస్టర్లలో నమోదు చేసింది. సెటిల్‌మెంట్ రిజిస్టర్లు, అడంగళ్లు, కర్ణాటకలో పహణీలు, పాత దస్తావేజులు ఆ కోవకే వస్తాయి. ఇంట్లో పెద్దలు చెప్పే మాటలను ముందుగా సేకరించాలి, కానీ వాటిని జాడలుగానే తీసుకోవాలి. "మా ముత్తాత ఫలానా ఊరి నుంచి వచ్చాడు" అన్న మాటకు ఆ ఊరి కాగితం తోడైతేనే అది చరిత్ర అవుతుంది. ఈ తరం నుంచి వెనక్కి ఒక్కో మెట్టే దిగాలి. ప్రాచీన వీరుడి నుంచి కిందికి దిగితే మధ్యలోని ఖాళీలను ఊహతో నింపాల్సి వస్తుంది.

ఈ అన్వేషణ కులగర్వానికి దారితీస్తుందన్న భయం కూడా నిరాధారం కాదు. అయితే గొప్ప మూలపురుషుణ్ణి ముందే ఎంచుకుని వెతికితేనే ఆ ప్రమాదం. ఆధారాల వెంట నిజాయితీగా నడిస్తే వలసలు, కూలి బతుకులు, అప్పులు, చేజారిన పొలాలు ఎదురవుతాయి. పట్టాలు ఎక్కువగా మగవారి పేరునే ఉండేవి. భూమి లేనివారి ఊసు వాటిలో అరుదు. మగవారి వరసనే చెప్పే వంశవృక్షాల్లో ఆడవాళ్లకు చోటులేదు. అదే నేటాల్ జాబితాల్లో స్త్రీకీ సొంత నంబరు, సొంత పేరు ఉన్నాయి. అందువల్ల ఏ ఒక్క రకం పత్రంతోనూ తృప్తిపడకూడదు. ప్రతి పేరు పక్కనా ఆధారం రాయాలి. ఆధారం లేనిచోట ఖాళీ వదలాలి. పూర్వికులకు లేని గొప్పలు అంటగట్టడం కన్నా, వాళ్లు నిజంగా బతికిన బతుకును ఉన్నదున్నట్టు ఒప్పుకోవడమే వారికి మనమిచ్చే గౌరవం.