మన పక్కనే మడ అడవి

తమ్ముళ్లూ, అడవి చూడాలంటే నల్లమల దాకా పోనక్కర్లేదు. పామర్రు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ చేరి, నాగాయలంక బస్సెక్కితే కృష్ణా అభయారణ్యపు మడ అడవులు దగ్గరే.

ముందు అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. ఆటుపోట్ల వేళలు సరంగుని అడగందే పడవెక్కకండి. ఆటులో నీరు తీసేస్తే పడవ బురదలో కూరుకుపోతుంది. నవంబరు వద్దు, తుపాన్ల నెల. మంచినీళ్లు మోసుకెళ్లండి. తిల్ల చెట్టు కొమ్మ విరవకండి, దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. బావురుపిల్లి ఎక్కువగా రాత్రిళ్లు తిరుగుతుంది. పగలు కనిపించలేదని సరంగుతో తగాదా పడొద్దు!

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకుంది. అలల జోరుని కొంతైనా విరిచేది ఈ మడ చెట్లే. అయినా చాలాచోట్ల కొట్టేసి రొయ్యల చెరువులు తవ్వారు. పడవలోంచి గట్ల వైపు కూడా చూడండి, ఎక్కడ మడ మిగిలిందో, ఎక్కడ చెరువు వచ్చిందో తెలుస్తుంది.