కొబ్బరి లెక్కల్లో పక్కపక్కన లేని వరుసలకు చార్ట్ ఎలా వేయాలి?

మన కోనసీమలో కొబ్బరి లెక్కలు ఎక్సెల్‌లో ఇలా రాసుకున్నారనుకోండి: ఎ నిలువు వరుసలో దింపు నెల, బిలో కాయలు, సిలో వెయ్యి కాయల ధర, డిలో దింపు కూలి, ఇలో జీవామృతం ఖర్చు, ఎఫ్‌లో మిగులు. అన్నీ కలిపి చార్ట్ వేస్తే కాయలు, రూపాయలు కలిసిపోయి ఏదీ తెలీదు.

ముందు కావాల్సింది నెల, మిగులు. అవి పక్కపక్కన లేవు కదా, ఇలా చేయండి:

1. ఎ వరుసను హెడ్డింగ్‌తో సహా మౌస్‌తో సెలెక్ట్ చేయండి.
2. కంట్రోల్ బటన్ నొక్కి పట్టుకుని, ఎఫ్ వరుసలో హెడ్డింగ్ నుంచి సరిగ్గా అన్నే గళ్లు సెలెక్ట్ చేయండి.
3. ఇన్సర్ట్‌లోకి వెళ్లి కాలమ్ చార్ట్ ఎంచుకోండి.

అడుగున ఉన్న టోటల్ గడిని కలపొద్దు. కలిపితే అదొక్కటే తాటిచెట్టంత లేచి, మిగతావి నేలకు అంటుకుపోతాయి.

తర్వాత ఎ, బి వరుసలతో ఇంకో చార్ట్ వేసి పక్కన పెట్టండి. ప్రకృతి సేద్యంలోకి మారిన కొత్తలో కాయలు తగ్గితే కంగారు పడతాం. కానీ చేతికి మిగిలింది కూడా తగ్గిందా లేదా అన్నది మిగులు చార్టే చెబుతుంది. అదీ తగ్గితే, తప్పు జీవామృతం మీద వేసేముందు ఎ, సి వరుసలతో మూడోది వేయండి. అంబాజీపేట మార్కెట్లో ధర పడిన నెల అందులో దొరికిపోతుంది.

ఇదంతా వీడియోలో చేసి చూపించాం, చూస్తూ మీ లెక్కలతో వేసుకోండి.