మన ఎంపీ వారమంతా ఏం చేస్తారు?

ప్రతి ఆదివారం మన సంఘాల్లో పాలకుల కోసం ప్రార్థన చేస్తాం. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయం మనకు అప్పగించిన పని అది. అయితే ఎవరి కోసం ప్రార్థిస్తున్నామో వారు చేసే పని ఏమిటో మనలో ఎంతమందికి తెలుసు? బయ్యారం మండలంలో ఓటున్నవారు శాసనసభకు ఇల్లందు ఎమ్మెల్యేను, లోక్‌సభకు మహబూబాబాద్ ఎంపీని ఎన్నుకుంటారు. పోడు పట్టా రాకపోయినా, పింఛను ఆగినా, పిల్లవాడు మిలిటరీలో చేరాలన్నా ఇద్దరి ఇళ్లకూ తిరుగుతాం. ఎవరి చేతిలో ఏముందో తెలియక చాలాసార్లు ఉత్త చేతులతో తిరిగొస్తాం.

ఎవరి పని ఏది?

రాజ్యాంగం ఏడో షెడ్యూలు ఈ పంపకం చేసింది. సైన్యం, సరిహద్దులు, విదేశీ వ్యవహారాలు, రైల్వేలు కేంద్రానివి. పోలీసు, శాంతిభద్రతలు, ప్రజారోగ్యం రాష్ట్రానివి. అడవులు, విద్య వంటివి ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. కాబట్టి మన పోలీస్ స్టేషన్ గురించి అడగవలసింది శాసనసభలో. సీఆర్పీఎఫ్ గురించి, సైన్యంలో నియామకాల గురించి అడగవలసింది లోక్‌సభలో.

మహబూబాబాద్ లోక్‌సభ స్థానంలో ఏడు శాసనసభ నియోజకవర్గాలున్నాయి: డోర్నకల్, మహబూబాబాద్, నర్సంపేట, ములుగు, పినపాక, ఇల్లందు, భద్రాచలం. వీటిలో ములుగు, భద్రాచలం వైపు ప్రాంతాలు ఛత్తీస్‌గఢ్‌ను ఆనుకుని ఉన్నాయి. మావోయిస్టుల సమస్య, కేంద్ర బలగాలు, అడవి దారులు, సెల్ టవర్లు అక్కడివారికి రోజూ ఎదురయ్యే సంగతులు. అందుకే మన ఎంపీకి దేశ భద్రత ఢిల్లీ మాట మాత్రమే కాదు, సొంత నియోజకవర్గం మాట కూడా.

సభ జరిగే వారం

పార్లమెంటు సాధారణంగా ఏడాదికి మూడుసార్లు సమావేశమవుతుంది: బడ్జెట్, వర్షాకాల, శీతాకాల సమావేశాలు. ఆ రోజుల్లో సోమవారం నుంచి శుక్రవారం వరకు సభ నడుస్తుంది. ఉదయం 11 గంటలకు ప్రశ్నోత్తరాల సమయం. మంత్రి లేచి నోటితో జవాబు చెప్పవలసిన ప్రశ్నలు రోజుకు 20. రాతపూర్వకంగా జవాబిచ్చేవి 230 దాకా ఉంటాయి. ప్రశ్నను కనీసం 15 రోజుల ముందే పంపాలి. ఎవరి ప్రశ్న ముందు వస్తుందో లాటరీ తేలుస్తుంది. నోటితో జవాబు చెప్పే 20 ప్రశ్నలూ ఆ గంటలో పూర్తికావడం అరుదు. రాతపూర్వక జవాబు మాత్రం రికార్డుగా నిలిచిపోతుంది. దాన్ని ఎవరైనా చదువుకోవచ్చు.

12 గంటలకు జీరో అవర్. అత్యవసర విషయాలను అప్పుడు లేవనెత్తుతారు. ఆ తర్వాత బిల్లులు, చర్చలు. శుక్రవారం చివరి రెండున్నర గంటలు మంత్రులు కాని సభ్యుల బిల్లులకు, తీర్మానాలకు. అలాంటి బిల్లులు స్వాతంత్ర్యం వచ్చాక చట్టాలైనవి 14 మాత్రమే, చివరిది 1970లో. అయినా సభ్యులు పెడుతూనే ఉంటారు, విషయం సభ దృష్టికి వస్తుంది కనుక.

ఓటింగ్ మాటకొస్తే, పార్టీ విప్ జారీ చేస్తే సభ్యుడు దానికి కట్టుబడాలి. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం, విప్‌ను ధిక్కరిస్తే పదవే పోవచ్చు. "మా ఎంపీ ఎందుకలా ఓటేశారు?" అని అడిగే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తలుపులు మూసి జరిగే పని

అసలు పరిశీలన చాలావరకు స్థాయీ సంఘాల్లో జరుగుతుంది. ఇవి 24 ఉన్నాయి. ఒక్కోదానిలో 31 మంది: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. రక్షణకు ఒకటి, హోం వ్యవహారాలకు ఒకటి ఉన్నాయి. మంత్రులు వీటిలో ఉండరు, కెమెరాలూ ఉండవు. అధికారులను పిలిచి, ఖర్చు పద్దులను వరసగా అడుగుతారు. వీరి సిఫారసులను ప్రభుత్వం పాటించి తీరాలని లేదు, కానీ ఏం చేసిందో జవాబు చెప్పాలి.

2025-26 బడ్జెట్‌లో రక్షణ శాఖకు 6.81 లక్షల కోట్ల రూపాయలు కేటాయించారు. జీతాలు, పింఛన్లు, ఆయుధాలు అన్నీ అందులోనే. ఇంత పెద్ద పద్దులకు ఓటు వేసే అధికారం లోక్‌సభదే. అయినా సమయం చాలక అనేక శాఖల పద్దులు చర్చ లేకుండానే ఒక్కసారిగా ఆమోదం పొందుతాయి. అందుకే సంఘంలో కూర్చుని పత్రాలు చదివే సభ్యుడి విలువ ఎక్కువ.

అన్ని నిర్ణయాలూ సభ ద్వారానే వస్తాయని కూడా అనుకోకూడదు. అగ్నిపథ్ పథకాన్ని 2022 జూన్ 14న కేంద్ర మంత్రివర్గ నిర్ణయంగా ప్రకటించారు. అప్పుడు పార్లమెంటు సమావేశాలు లేవు. సైన్యంలో చేరాలని ఏళ్ల తరబడి పరుగు సాధన చేసిన పిల్లలకు, నాలుగేళ్ల సేవ తర్వాత నూటికి 25 మందినే కొనసాగిస్తారని అప్పుడే తెలిసింది. మూడు రోజులకు సికింద్రాబాద్ స్టేషన్‌లో జరిగిన ఆందోళనలో పోలీసు కాల్పులకు మన పక్కనున్న వరంగల్ జిల్లా యువకుడు ఒకరు ప్రాణం కోల్పోయారు. సభలో ముందుగా ప్రశ్న పడి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. ప్రశ్న అడగడానికి చోటు లేకపోతే ఏమవుతుందో మాత్రం చూశాం.

బయ్యారం నేర్పిన పాఠం

2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 13వ షెడ్యూలులో మనకు సంబంధించిన రెండు మాటలున్నాయి. తెలంగాణలో గిరిజన విశ్వవిద్యాలయాన్ని కేంద్రం స్థాపించాలన్నది ఒకటి. ఖమ్మం జిల్లాలో సమగ్ర ఉక్కు కర్మాగారం సాధ్యమవుతుందేమో స్టీల్ అథారిటీ ఆరు నెలల్లో పరిశీలించాలన్నది రెండోది. బయ్యారం అప్పుడు ఖమ్మం జిల్లాలోనే ఉంది. 2016లో మహబూబాబాద్ జిల్లాలో కలిసింది.

ఆ రెండు క్రియల మధ్య తేడా చూడండి. "స్థాపించాలి" అన్నది ఆలస్యంగానైనా జరిగింది. 2023 డిసెంబరులో పార్లమెంటు చట్టం చేసి, ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి దారి వేసింది. "పరిశీలించాలి" అన్నది పరిశీలన దగ్గరే ఆగింది. ఇక్కడి ఇనుప ఖనిజంలో నాణ్యత తక్కువని, కర్మాగారం గిట్టుబాటు కాదని కేంద్రం చెబుతూ వచ్చింది. ఎన్నికల సభల్లో "బయ్యారం ఉక్కు మన హక్కు" అని ఎంత గట్టిగా అన్నా, చట్టంలో ఉన్నది పరిశీలన మాటే. బిల్లు ముసాయిదాలో ఒక్క క్రియాపదం కోసం పట్టుబట్టడం కూడా ప్రజాప్రతినిధి పనే. అది పేపర్లో ఫొటోగా రాదు, కానీ ఒక తరం ఉపాధి దాని మీద ఆధారపడి ఉంటుంది.

శని, ఆదివారాలు

సభ లేని రోజుల్లో ఎంపీ నియోజకవర్గంలో ఉంటారు. కేంద్ర పథకాలు జిల్లాలో ఎలా నడుస్తున్నాయో చూసే "దిశ" కమిటీ సమావేశాలకు ఎంపీ అధ్యక్షత వహిస్తారు. ఉపాధి హామీ, పక్కా ఇళ్లు, గ్రామీణ రోడ్లు అక్కడ చర్చకు రావాలి. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు. ఏడు నియోజకవర్గాలకు సమానంగా పంచితే ఒక్కోదానికి సుమారు 71 లక్షలే. ఆ నిధిని చూసి ఎంపీని కొలిస్తే, అసలు పనిని వదిలేసి చిల్లర లెక్కపెట్టినట్టే.

సంఘాలు చేయగలిగింది

మన పక్కనే ఉన్న డోర్నకల్‌లో బిషప్ వి.ఎస్. అజరయ్య సేవ చేశారు. 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయిన ఆయన, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. పొరుగువారితో కలిసి ఓటు వేయాలని, అందరితో కలిసి పౌరులుగా నిలబడాలని ఆయన భావం. ఆ వారసత్వం మనకుంది. కాబట్టి మన విన్నపం మన మందిరం ప్రహరీ గోడతో ఆగిపోకూడదు.

ఎంపీని కలిసినప్పుడు "మమ్మల్ని చూసుకోండి" అని కాక, ఒక్క విషయం రాసి ఇవ్వండి: ఏ ఊరు, ఏ పథకం, ఎప్పటినుంచి ఆగింది, ఏ మంత్రిని ఏమడగాలి. దాన్ని ప్రశ్నగా పంపమని కోరండి. జవాబు వచ్చాక మందిరంలో చదివి వినిపించండి. జవాబు బాగోలేకపోతే మళ్లీ రాయండి. ఆదివారం ప్రార్థనలో పాలకుల పేరుతో పాటు ఆ ప్రశ్న కూడా ఉంటే, ఏమి అడుగుతున్నామో మనకూ స్పష్టంగా తెలుస్తుంది.