చక్రములపై ఇల్లు

పూర్వము గుంటూరు మండలమున రైతు కుటుంబములు తిరునాళ్ళకు గూడుబండ్లలో పయనమగుచుండెడివి. బండిపై వెదురుబద్దలు వంచి గూడు కట్టి, తడికలు కప్పి, లోపల వరిగడ్డి మెత్తగా పఱచి, దానిపై జంపఖానా వేయుచుండిరి. బియ్యము, పప్పు, ఊరగాయ జాడీ, వంటపాత్రలు, నీళ్ళ కడవ, ఎడ్లకు మేత - అన్నియు ఆ బండిలోనే ఇముడవలెను. బండి కదలకముందే ఇంటిపెద్ద ఇరుసునకు కందెన పెట్టి, చీలలు సరిచూచి, బరువు కాడిమీద మిక్కిలిగా పడకుండునట్లును, వెనుకకు మొగ్గకుండునట్లును సామానులు సర్దించుచుండెను. ఒంగోలు జాతి ఎడ్లు ఎంత బలము గలవైనను, వాని శక్తికి మించిన బరువు వేయరాదని ఆయన యెఱుగును.

నేడు కొన్ని కుటుంబములు మోటారు వ్యానునే గూడుబండిగా చేసికొనుచున్నవి. లోపల పడకలు, వంటచోటు, నీళ్ళ తొట్టి అమర్చుకొని, మంచి రోడ్డు లేని తావులకు సైతము పోవుచున్నవి. ఎడ్లు అలసినచో మొరాయించి నిలిచిపోవును. యంత్రమునకు ఆ నోరు లేదు. బరువు మించిన సంగతి వాలులో బ్రేకు పట్టనప్పుడో, మలుపులో బండి ఒరిగినప్పుడో తెలియవచ్చును. కావున ఇట్టి బండిని సిద్ధము చేయువారు ముందే లెక్క వేసికొనవలయును.

బ్రాడీపేటలో ఐదుగురు గల ఒక కుటుంబమున్నదని ఊహింతము. వారు నరసరావుపేట, వినుకొండ, మార్కాపురము, దోర్నాల మీదుగా శ్రీశైలమునకు ఐదు దినముల యాత్ర తలపెట్టిరి. దారిలో మట్టిబాటలు పట్టి, పల్లెలలో విడిది చేయవలెనని వారి కోరిక. వారు మొదట చేయవలసిన పని యేది? పడక ఎచ్చట, పొయ్యి ఎచ్చట అని పటము గీయుట కాదు. వ్యాను మోయగల బరువు తెలిసికొనుట.

ఉదాహరణమునకు ఖాళీ వ్యాను బరువు 2,300 కిలోలు, నిండు బండికి మితి 3,300 కిలోలు అనుకొందము. అప్పుడు బండి మోయదగినది 1,000 కిలోలు మాత్రమే. మనుష్యులకు 300, పడకలకును బీరువాలకును 250, నీటికి 100, పొయ్యి, గ్యాసు, పాత్రలు, వెచ్చములకు 70, బ్యాటరీకి 60, పనిముట్లకు 70, బట్టలకును పరుపులకును 60 - మొత్తము 910 కిలోలు. మిగిలినది 90 కిలోలే. త్రాగుటకును వంటకును మనిషికి దినమునకు 4 లీటర్ల చొప్పున ఐదు దినములకు 100 లీటర్లు వలయును. లీటరు నీరు కిలో తూగును. ‘ఉండనిమ్ము’ అని తొట్టి పరిమాణమును రెట్టింపు చేసినచో మితి దాటిపోవును. కాగితముపై వేసిన లెక్కను పిదప కాటాపై సరిచూడవలయును. మిరప టిక్కీల లారీలను తూచు కాటాలకు గుంటూరున కొదువ లేదు.

బరువు ఎంత అనుట యొక ప్రశ్న. అది ఎచ్చట ఉన్నది అనుట రెండవ ప్రశ్న. నేటి పల్నాడు జిల్లాలోని కోటప్పకొండకు మహాశివరాత్రినాడు మిక్కిలి ఎత్తైన ప్రభలు కట్టుకొని వత్తురు గదా! అవి ఒరుగకుండ ప్రక్కలనుండి మోకులు పట్టుకొని నడుతురు. బరువు పైకి పోయినకొలది పడిపోవు భయము హెచ్చునని ఆ మోకులే చెప్పుచున్నవి. వ్యానునకు మోకులు పట్టువారెవరును లేరు. అందుచేత నీళ్ళతొట్టి, బ్యాటరీ నేలమట్టమున ఉండవలెను. పైకప్పుపై తేలికవస్తువులనే ఉంచవలెను. బండి నడచునంతసేపు ప్రతి యొక్కరును ఆసనమున పట్టీ కట్టుకొని కూర్చుండవలయునే కాని, పడకపై పరుండరాదు.

విద్యుత్తునకును ఇట్టి లెక్కయే. 12 వోల్టుల, 100 ఆంపియరు-గంటల బ్యాటరీలో సుమారు 1,200 వాటు-గంటల శక్తి యుండును. 30 వాట్ల పంకా పదిగంటలు తిరిగినచో 300, దీపములకు 100, ఫోనులకు 100 - దినమునకు 500 చాలును. 1,000 వాట్ల శీతలయంత్రమైనచో ఒకగంటకు మించి యించుమించుగా నడువదు. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కాఱినచో నేలపై చేరి నిలుచును. కనుక నేలమట్టమున గాలిరంధ్రము తప్పక యుండవలెను. తలుపులు మూసి పొయ్యి వెలిగించినచో ప్రాణాంతకమైన వాయువు పుట్టును. దానికి వాసన లేదు.

ఇక నేల సంగతి. ఇసుకలో దిగబడిన బండికి చక్రములలోని గాలి కొంత తగ్గించినచో టైరు వెడల్పుగా పఱచుకొని బయటపడును. గట్టి రోడ్డెక్కగానే మఱల గాలి నింపవలయును. కాని మన నల్లరేగడి తీరు వేఱు. ఎండకు నెఱ్ఱెలువాఱు ఆ నేలయే, వాన పడగానే నీరు పీల్చి ఉబ్బి, చక్రమును అంటుకొని వదలదు. టైరు గాడులు బురదతో పూడిపోయిన పిమ్మట నాలుగు చక్రములకును శక్తి నందించు బండియైనను జాఱును. అట్టిచోట మేలైన ఉపాయము నేల ఆఱువఱకు వేచియుండుట. అనుమానము గల బాటలో ఒకరు ముందు దిగి నడచి చూడవలయును. పార, మోకు, చక్రము క్రింద వేయు పలకలు ఎల్లప్పుడును వెంట నుండవలెను.

చట్టమును కూడ మఱువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషన్ పత్రములోని వివరములకు భిన్నముగా బండిని మార్చుకొనరాదు. కావున వడ్రంగిని పిలుచుటకు ముందే రవాణా కార్యాలయమున విచారింపవలెను. దోర్నాల దాటిన పిమ్మట నల్లమల అడవి పులులకు రక్షితస్థానము. అచ్చట రాత్రివేళ రాకపోకలకు నిషేధము కలదు. అనుమతి లేక రోడ్డు విడిచి అడవిలోనికి బండి తోలరాదు.

విద్యార్థులారా! మీ యింట ఇట్టి ప్రయాణము తలపెట్టినచో, ఒక కాగితమున కావలసిన వస్తువులన్నియు వ్రాసి, ఎదుట వాని బరువులు వేయుడు. మొత్తము మితి దాటినచో, ఏది లేకున్నను గడచునో ఇంటిల్లిపాదియు కూర్చుండి నిర్ణయింపుడు. మొదటి రాత్రి ఊరికి దగ్గఱనే గడపి, తెచ్చినవానిలో వాడనివి యేవో చూచి, వానిని దింపి మఱునాడు బయలుదేఱుడు.