ఏడాది ఆవకాయకు ఏ డబ్బా?

అపోహ: ఫుడ్ గ్రేడ్ డబ్బా అయితే ఏదైనా, ఎన్నాళ్లైనా నిల్వ పెట్టుకోవచ్చు.

వాస్తవం: ఫుడ్ గ్రేడ్ అంటే ప్లాస్టిక్ నుంచి ఏమీ దిగదని కాదు, దిగేది పరిమితి దాటదని. మన దేశంలో 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం కిలో ఆహారంలోకి 60 మిల్లీగ్రాములకు మించి దిగకూడదు. ఆ పరీక్ష నిర్ణీత వేడిలో, నిర్ణీత కాలానికి చేసేది. మన వంటింట్లో లెక్క వేరు. నూనె, పులుపు, వేడి, కాలం – ఈ నాలుగూ ప్లాస్టిక్‌లోని రసాయనాలను బయటికి లాగుతాయి. ఏడాది ఆవకాయలో వీటిలో మూడున్నాయి. మాగాయలో కాగిన పోపు పోసి వెంటనే డబ్బాకెత్తితే నాలుగోదీ చేరుతుంది.

పచ్చడి ఖాళీ చేసిన డబ్బాను ఎంత తోమినా ఎరుపు పోదు, ఇంగువ వాసన వదలదు. నూనె ప్లాస్టిక్‌లోకి ఇంకిందనడానికి అంతకన్నా రుజువేం కావాలి? నూనె ఇంకిన చోటి నుంచి ప్లాస్టిక్‌లో కలిపిన పదార్థాలూ నూనెలోకి రాగలవు. అందుకే నిల్వ పచ్చడికి గాజు సీసానే నా ఓటు.

అపోహ: అడుగున త్రిభుజంలో 5 అంకె ఉంటే భద్రమే.

వాస్తవం: ఆ అంకెలు 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ తెచ్చినవి, రీసైక్లింగ్‌లో ఏ రకానికా రకం వేరుచేయడానికి. 5 అంటే పాలీప్రొపిలీన్, అంతే. అందులో ఏ రంగు కలిపారో, ఇంతకుముందు ఏం పోశారో అది చెప్పదు. పెయింట్ బకెట్ కడిగి బియ్యం పోసుకునే ఇళ్లు చాలానే ఉన్నాయి. దయచేసి ఆ పని మానండి. ఆహారానికి పనికొచ్చే డబ్బాపై గ్లాసు, ఫోర్కు బొమ్మ ఉంటుంది, అది చూడండి.

అపోహ: ప్లాస్టిక్ డబ్బాలో పోస్తే బియ్యమూ విషమే.

వాస్తవం: ఇంత భయం అక్కర్లేదు. పొడి బియ్యం, పప్పులు మంచి డబ్బాలో నిక్షేపంగా ఉంటాయి. అయితే మూత బిగించినా పురుగు రావచ్చు. ముక్కపురుగు గింజలోపలే గుడ్డు పెడుతుంది, అది కొట్టు నుంచే మనింటికొస్తుంది. కొద్దిపాటి బియ్యమైతే నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, చెమ్మ ఆరాక డబ్బాలో పోయండి.

అపోహ: పాత జాడీకి తిరుగులేదు.

వాస్తవం: మంచి జాడీకి తిరుగులేదు. నాసిరకం పూతలో సీసం ఉంటే పులుపుకు అది పచ్చడిలోకి దిగుతుంది. లోపలి పూత పగుళ్లిస్తే ఆ జాడీని పచ్చళ్లకు వాడొద్దు.

విదేశాల్లోని పిల్లలకు పచ్చళ్లు ప్లాస్టిక్ ప్యాకెట్లలోనే పంపక తప్పదు. చేరగానే గాజు సీసాల్లోకి మార్చుకోమని ఫోన్‌లో చెప్పండి.