కంటికి కనిపించని దుమ్ము

యాసంగి కోతలు అయిన తరువాత పెన్‌పహాడ్ చుట్టుపక్కల సాయంత్రాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. హార్వెస్టర్ వెళ్లగానే మడిలోని కొయ్యకాళ్లకు నిప్పు పెడతారు. పొగ ఊరి మీదికి వస్తుంది. తెల్లవారితే అంతా సర్దుకున్నట్లే ఉంటుంది. కాని ఆ పొగలో మనకు కనిపించనిదే ఎక్కువ కీడు చేస్తుంది.

మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. 100 నానోమీటర్లకు లోబడినవి నానో కణాలు. తలవెంట్రుక మందంలో ఇవి వందలకొద్దీ వరుసగా ఇముడుతాయి. పల్లెల్లో మనకు ఇవి ఎక్కువగా మంటల వల్లనే చేరుతాయి: కట్టెల పొయ్యి, డీజిలు పొగ, దోమల కాయిల్, కాలే గడ్డి.

పెద్ద దుమ్మును ముక్కు ఆపుతుంది, దగ్గు బయటికి తోస్తుంది. ఈ సన్నని కణాలు ఊపిరితిత్తుల చివరి గాలి తిత్తుల దాకా పోతాయి. 2017లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరోగ్యవంతులైన 14 మంది చేత హాని చేయని బంగారు నానో కణాలను పీల్పించి చూశారు. ఒక్క రోజులోపే నెత్తురులో బంగారం కనిపించింది. మూడు నెలల తరువాత కూడా ఆనవాళ్లు పోలేదు. మరి మసి కణాల సంగతేమిటి? అవి ఉబ్బసాన్ని రేపుతాయి, గుండెజబ్బును పెంచుతాయి. ఇంటి పొయ్యిల పొగ వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

మన వడ్లు చేరే మిర్యాలగూడ రైసుమిల్లులలో ఊక మండించి బాయిలర్లు నడుపుతారు. ఊక బూడిదలో సిలికా ఎక్కువ. అక్కడ పనిచేసే అన్నదమ్ములు తువ్వాల చుట్టుకుంటే చాలునని అనుకోవద్దు. తువ్వాల నేతలోనుండి సన్నని కణాలు సులువుగా దూరుతాయి. ముఖానికి బిగుతుగా అతికే ఎన్-95 మాస్కు చాలా మేలు.

ఇంట్లో తల్లులు చేయగలిగినవి ఉన్నాయి. గ్యాసు ఉంటే దాని మీదనే వండండి. కట్టెల పొయ్యి తప్పకపోతే ఆరుబయట పెట్టి, పసిపిల్లలను దూరంగా ఉంచండి. కాయిల్‌కు బదులు దోమతెర కట్టండి. ఊడ్చే ముందు నీళ్లు చిలకరించండి.

రైతు సోదరులారా, కొయ్యకాళ్లు కాల్చక, నీళ్లు పెట్టి, సూపర్ ఫాస్ఫేటు చల్లి దున్నండి. అవి కుళ్లి మీ నేలకే ఎరువవుతాయి. మడి మీదే, అగ్గిపెట్టె మీదే. కాని గాలి మీ గట్టు దగ్గర ఆగదు. అవతలి ఇంట్లో ఆయాసంతో రాత్రంతా కూర్చునే ముసలమ్మను ఒక్కసారి తలచుకోండి.