కడుపులోని పురుగులు ఔషధమగునా?

కొంకిపురుగు మనుష్యునకు శత్రువని మన ఆరోగ్యశాస్త్ర పాఠములు చెప్పుచున్నవి. అది నిజమే. అది ప్రేవుల గోడను కఱచిపట్టుకొని రక్తమును త్రాగును. దానివలన బాలబాలికలు పాలిపోయి, ఆయాసపడి, చదువునందు వెనుకబడుదురు. అట్టి పురుగును వైద్యులే కొందఱు రోగులకు బుద్ధిపూర్వకముగా నిచ్చి పరీక్షించిరనిన చదువరులకు వింత తోపకమానదు. దాని కారణమును, ఫలితమును వివరించుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

మన దేహమునందు రోగములతో పోరాడు రక్షకశక్తి యొకటి కలదు. అది కొన్నివేళల దారితప్పును. పుప్పొడి, ధూళి మున్నగు నిరపాయ వస్తువులను శత్రువులని భ్రమించినచో తుమ్ములు, దద్దురులు, ఉబ్బసము పుట్టును. దీనినే ఎలర్జీ యందురు. స్వశరీరమునే శత్రువుగా నెంచినచో ప్రేవులను పుండుపఱచు క్రోన్సు వ్యాధి, నరములపై పొరను చెఱచు మల్టిపుల్ స్క్లెరోసిస్ మొదలగునవి కలుగును. ఊరి తలారి దొంగలను విడిచి యింటివారిని మోదుట వంటిది యిది.

1989వ సంవత్సరమున డేవిడ్ స్ట్రాకన్ అను బ్రిటిషు పరిశోధకుడు, తోబుట్టువులు ఎక్కువగా గల పిల్లలకు పుప్పొడి పడిశము తక్కువగా వచ్చుచున్నదని ప్రకటించెను. బాల్యమున వారివలన సోకు అంటురోగములు దానిని అడ్డగించునేమో యని ఆయన ఊహించెను. పురుగుల విషయమున యుక్తి మఱికొంత స్పష్టము. పురుగు ఏండ్లకొలది మన ప్రేవులలో బ్రతుకవలెనన్న మన రక్షకశక్తిని జోకొట్టవలెను. అందులకై అది కొన్ని పదార్థములను స్రవించి, ఆ శక్తిని అదుపులో నుంచు కణములను వృద్ధిచేయును. ఈ శాంతి రోగికి ఉపకరించునా యనునదే ప్రశ్న.

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున జోయెల్ వైన్‌స్టాక్ మొదలగువారు పంది కొరడాపురుగు గ్రుడ్లను ఎన్నుకొనిరి. ఏలన, ఆ పురుగు మనుష్యునియందు చిరకాలము నిలువదు. 2005లో ప్రకటించిన పరీక్షలో 29 మంది క్రోన్సు రోగులు మూడు వారముల కొకసారి 2,500 గ్రుడ్లను త్రాగిరి. 24 వారములకు 23 మందికి నెమ్మదించెను. అయితే సరిపోల్చుటకు ఉత్తమందు పుచ్చుకొన్నవారు అందులో లేరు. డెన్మార్కులో పుప్పొడి పడిశము గల 100 మందిలో కొందఱికి గ్రుడ్లను, కొందఱికి ఉత్తమందును ఇచ్చిచూడగా, 2010లో తేలినదేమనగా, గ్రుడ్లవలన మేలు కనబడలేదు. క్రోన్సు వ్యాధిపై తరువాత జరిగిన పెద్ద పరీక్షయు నిరాశనే మిగిల్చెను.

ఇంగ్లండునందలి నాటింగ్‌హామ్‌లో 71 మంది మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులను పరీక్షకు తీసికొని, కొందఱికి 25 కొంకిపురుగు పిల్లలను చర్మముగుండ ఎక్కించిరి. 2020లో ప్రకటించిన ఫలితమునుబట్టి అదుపుచేయు కణములు పెరిగెను గాని, మెదడునందలి క్రొత్త గాయముల లెక్కలో నిశ్చితమైన భేదము తేలలేదు. కావున పురుగును విడిచి, అది స్రవించు పదార్థమునుండి మందు తీయవచ్చునా యని శాస్త్రజ్ఞులు వెదకుచున్నారు.

"పురుగులు మేలుచేయుననుచున్నారే, ఇక మాత్ర యేల?" అని విద్యార్థులు అడుగవచ్చును. వైద్యుని కనుసన్నలలో, లెక్కించి, పెద్దవారికిచ్చిన 25 పురుగులు వేఱు. ఎదుగు బిడ్డ కడుపులో లెక్కలేక చేరి రక్తము పీల్చునవి వేఱు. 2015 మొదలు మన దేశమున ఫిబ్రవరి 10వ తేదీని నులిపురుగుల నిర్మూలన దినముగా పాటించి, బడులలో ఆల్బెండజోల్ మాత్రల నిచ్చుచున్నారు. తల్లిదండ్రులు బిడ్డలచేత వానిని మ్రింగింపవలెను. కొంకిపురుగు పిల్ల అరికాలి చర్మమును తొలిచికొని ప్రవేశించును గనుక చెప్పులు తొడుగుటయు, మరుగుదొడ్డి వాడుటయు మఱువరాదు. శాస్త్రజ్ఞులకు ఇంకను సందేహముగా నున్నది మనకు ఔషధము కాదు. రక్తహీనత మాత్రము నిస్సందేహమైన కీడు.